సిక్కు యోధుడి వంశవృక్షం రాసేటప్పుడు

పేరొక్కటే పట్టుకుని వెతికితే దారి తప్పుతారు. ఒకే కాలంలో ఇద్దరు జస్సా సింగ్‌లున్నారు: ఆహ్లూవాలియా (1718–1783), రామ్‌గఢియా (1723–1803). ఇద్దరూ మిస్ల్ (సిక్కు సైనిక దళం) నాయకులే, వంశాలు మాత్రం వేరు. మొదటాయనకు ఆ పేరు లాహోర్ దగ్గరి ఆహ్లూ అనే ఊరి నుంచి, రెండో ఆయనకు అమృత్‌సర్‌లోని రామ్‌గఢ్ కోట నుంచి వచ్చాయి. అందుకే ప్రతి మనిషికీ తండ్రి పేరు, గోత్రం, సొంతూరు, మిస్ల్ విడివిడిగా రాసుకోండి. మిస్ల్ సైనిక దళమే, దాన్ని వంశంగా లెక్కపెట్టకూడదు.

మహారాజా రంజిత్ సింగ్ సేనాని హరి సింగ్ నల్వానే తీసుకోండి. 1791లో గుజ్రాన్‌వాలాలో పుట్టారు, తండ్రి గుర్దయాళ్ సింగ్, తల్లి ధరమ్ కౌర్. నల్వా అన్నది పులిని చంపాక ఆయనకు వచ్చిన పేరు. తండ్రి, తాతల కాగితాల్లో ఆ పేరు వెతికితే ఏమీ దొరకదు. ఉప్పల్ ఖత్రీలు (ఉప్పల్ గోత్రం, ఖత్రీ కులం) అని వెతకాలి.

హరిద్వార్ పండాల (తీర్థ పురోహితుల) దగ్గరుండే వహీల్లో, అంటే వంశావళి పుస్తకాల్లో, తరాల వివరాలుంటాయి. అవి కులం, పూర్వీకుల ఊరు ప్రకారం ఉంటాయి కాబట్టి ఆ రెండూ తెలియకుండా వెళితే సరైన పండా దొరకడమే కష్టం. భూమి ఉన్న కుటుంబమైతే గ్రామ రెవెన్యూ రికార్డులోని షజ్రా నసబ్ (భూయజమానుల వంశవృక్షం) చూడండి. అందులో సాధారణంగా మగ వారసులే ఉంటారు, తల్లి వైపు వివరాలు వేరేగా సంపాదించాలి. పశ్చిమ పంజాబ్ ఊళ్ల రికార్డులు 1947 తర్వాత పాకిస్థాన్‌లో ఉండిపోయాయి.

ఎక్కువ తప్పులు జరిగేది తేదీల్లో. ఆంగ్ల సంవత్సరం కావాలంటే బిక్రమీ (విక్రమ శకం) సంవత్సరంలోంచి చేత్ (చైత్రం) నుంచి మగ్ఘర్ (మార్గశిరం) దాకా 57, మాఘ్ (మాఘం), ఫగ్గణ్ (ఫాల్గుణం) నెలలకు 56 తీసేయాలి. పోహ్ (పుష్యం) మధ్యలో ఆంగ్ల సంవత్సరం మారుతుంది, అక్కడ తేదీ కూడా చూడాలి. నల్వా ఖైబర్ కనుమ దగ్గరి జమ్రూద్‌లో మరణించిన బిక్రమీ 1894 వైశాఖం అలా 1837 ఏప్రిల్ అవుతుంది. తేదీ పక్కన సుది (శుక్లపక్షం), వది (కృష్ణపక్షం) అని ఉంటే అది చాంద్రమాన తిథి, నెలనెలా వచ్చే సంక్రాంతి (సూర్యుడు రాశి మారే రోజు) నుంచి లెక్కించే తేదీతో కలపకండి. మూలంలో ఉన్న తేదీని అలాగే ఉంచి, మీరు లెక్కగట్టింది పక్కన రాయండి. తర్వాత చూసేవారికి పొరపాటు ఎక్కడ దొర్లిందో కనిపిస్తుంది.