గుండె కణం బొమ్మ గీద్దాం – 4వ పాఠం: మిగిలిన కొవ్వు ఎటు పోతుంది?

పోయినసారి మీరు గీసి పంపిన బొమ్మలన్నీ చూశాను. చాలామంది రక్తనాళం గీసి, అందులో పసుపు రంగు పూడిక పెట్టి, కొవ్వు గుండెను పాడుచేసేది ఇలాగే అని రాశారు. అది నాళం గోడలో జరిగేది. మనం గీస్తున్నది కొట్టుకునే కండర కణాన్ని, నాళాలు బాగున్నా దాని లోపల దెబ్బ తగలొచ్చు. ఏ కణమో గట్టిగా చెప్పకపోవడం నా పొరపాటే.

ఇంకో ప్రశ్న: "గుండెకు కొవ్వే ముఖ్య ఇంధనం అన్నారుగా, ఎక్కువైతే మంచిదేగా?" నిజమే, గుండె తన శక్తిలో సగానికి పైగా కొవ్వు ఆమ్లాల నుంచే తీసుకుంటుంది. కానీ ఎంత కాల్చాలనేది దాని పనిని బట్టి ఉంటుంది, లోపలికి ఎంత రావాలనేది మాత్రం చాలావరకు రక్తంలో ఉన్నదాన్ని బట్టి. కణం పొర మీద సీడీ36 అనే ప్రోటీన్ కొవ్వు ఆమ్లాలను లోపలికి తెస్తుంది. ఏళ్ల తరబడి రక్తంలో కొవ్వు, ఇన్సులిన్ ఎక్కువగా ఉంటే ఆ సీడీ36 పొర మీదికి ఇంకా ఎక్కువగా చేరుతుంది. రాక పెరిగి ఖర్చు పెరగకపోతే మిగులే కదా. ఒక పూట బాగా తింటే ఇలా అయిపోదు, టెన్షన్ వద్దు.

ఇక నాకు చిరాకు తెప్పించే తప్పు. కణంలో కొవ్వు బొట్టు కనిపించగానే దాన్నే విషం అనేస్తారు. కొవ్వుకు పట్టే ఎర్ర రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూస్తే బొట్లు ఎర్ర చుక్కల్లా మెరుస్తాయి, కంటికి అవే దొరుకుతాయి కాబట్టి నేరం వాటి మీదే పడుతుంది. నిజానికి బొట్టు గోదాము లాంటిది. ల్యాబ్‌లో పెంచిన కణాలకు ఓలియిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం ఇస్తే బొట్లు నిండుగా చేరినా కణాలు బతికాయి, పామిటిక్ ఆమ్లం అనే ఇంకో కొవ్వు ఆమ్లం ఇస్తే బొట్లు తక్కువే కానీ కణాలు చచ్చాయి. ఎందుకంటే గోదాములోకి సరిగా వెళ్లని పామిటిక్ ఆమ్లం సెరీన్ అనే అమైనో ఆమ్లంతో కలిసి, సెరమైడ్ అనే హాని చేసే కొవ్వు అవుతుంది. సెరమైడ్, కణానికి శక్తి తయారుచేసే మైటోకాండ్రియా పొరను దెబ్బతీస్తే అందులోంచి సైటోక్రోమ్ సి అనే ప్రోటీన్ బయటికి కారుతుంది, దాంతో కాస్పేస్‌లు అనే ఎంజైములు మేల్కొని కణాన్ని లోపలి నుంచే కోసేస్తాయి. బొట్టుగా మారే దారిలో మధ్యలో ఆగిపోయిన డైఅసైల్‌గ్లిసరాల్ అనే కొవ్వు ఇన్సులిన్ సంకేతాన్ని మొద్దుబారుస్తుంది. పోయిన కణానికి బదులు కొత్తది రావడం చాలా అరుదు: పాతికేళ్ల వయసులో ఏడాదికి 1 శాతం, 75కి వచ్చేసరికి అందులో సగం కూడా ఉండదు.

కణాన్ని దెబ్బతీసే మరో రకం, ఆక్సిజన్ రాడికల్స్ (అతి చురుకైన ఆక్సిజన్ రూపాలు) గురించి వచ్చే పాఠంలో.

అభ్యాసం: పుస్తకం మూసి, పామిటిక్ ఆమ్లానికి మూడు బాణాలు గీయండి: కాలేది, దాచేది, సెరమైడ్ అయ్యేది. నేను రంగులు వాడను, ఎక్కువ వెళ్లే దారికి బాణాన్ని లావుగా గీస్తాను, మీరూ అలాగే చేయండి. తర్వాత దాన్నే ఓలియిక్ ఆమ్లానికి మార్చి గీయండి. చివరగా లెక్క. కొవ్వు ఆమ్లం కాలేటప్పుడు ఒక్కో చుట్టులో రెండు కార్బన్ల ముక్క తెగుతుంది, ఆ ముక్కే అసిటైల్ కోఎ: 16 కార్బన్ల పామిటిక్ ఆమ్లం 7 చుట్లలో 8 అసిటైల్ కోఎ ఇస్తుంది, 18 కార్బన్ల స్టియరిక్ ఆమ్లానికి ఎన్ని చుట్లు, ఎన్ని అసిటైల్ కోఎలు?