ఇమ్మర్షన్ ఆయిల్ ఎంచుకునే ముందు జాగ్రత్తలు

ఇమ్మర్షన్ ఆయిల్ అంటే సూక్ష్మదర్శిని కటకానికీ, నమూనాపై కప్పిన గాజు పలకకూ మధ్య వేసే నూనె. ముందుగా ఆబ్జెక్టివ్ (నమూనా వైపు ఉండే కటకం) మీద ‘ఆయిల్’ అన్న గుర్తు గాని, నల్లని వలయం గాని ఉన్నదో లేదో చూడాలి; నీటికో గ్లిసరిన్‌కో ఉద్దేశించిన కటకానికి నూనె తగదు.

సీసాపై వక్రీభవన గుణకం (నూనె కాంతిని ఎంత వంచుతుందో తెలిపే సంఖ్య) 1.515 నుంచి 1.518 మధ్య ఉన్నదా అని చూడటంతో సరిపెట్టక, అది ఏ ఉష్ణోగ్రత వద్ద కొలిచినదో కూడా చదవాలి. సాధారణంగా అది 23 డిగ్రీల సెల్సియస్ వద్ద ఇచ్చిన విలువ కాగా, వేడి పెరిగేకొద్దీ గుణకం తగ్గుతుంది కనుక, సజీవ కణాలను 37 డిగ్రీల వద్ద పరిశీలించేవారు ఆ వేడికే తయారైన నూనెను తీసుకోవాలి. కవర్ స్లిప్ (నమూనాపై కప్పే పలుచని గాజు పలక) మందం 0.17 మిల్లీమీటర్లు ఉండాలి.

ఫ్లోరసెన్స్ (కాంతి పడినప్పుడు నమూనా తిరిగి చిమ్మే వెలుగును చూసే పద్ధతి) పనికి స్వయంగా వెలుగు చిమ్మని రకమే కావాలి. చౌకగా దొరుకుతుందని లిక్విడ్ పారఫిన్ వాడకూడదు, దాని గుణకం సుమారు 1.47 మాత్రమే. సెడార్ నూనె ఆరితే గట్టిపడి కటకానికి అంటుకుపోతుంది, కాబట్టి దానిని మానుకోవడమే మేలని నా అభిప్రాయం.

వేర్వేరు నూనెలను కలపరాదు. పాత నూనెను లెన్స్ పేపర్‌తో పూర్తిగా తుడిచిన తరువాతే కొత్త చుక్క వేయాలి.