మీ పొలానికి ఏ దుక్కి సరిపోతుందో ఎలా తెలుసుకోవాలి?

రోటవేటర్ తిప్పిన చేను చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ ఆ మెత్తదనం పైన 10–12 సెంటీమీటర్ల వరకే. ఏటా అదే లోతులో బ్లేడ్లు తిరుగుతుంటే కింద మట్టి అణిగి గట్టిపడుతుంది. వరికి దమ్ము చేసేదే నీరు ఇంకకుండా నిలవడానికి. అక్కడ ఏర్పడిన గట్టి పొరే తర్వాత వేసే మొక్కజొన్న వేర్లకు అడ్డమవుతుంది. అందుకే ట్రాక్టర్ మాట్లాడుకునే ముందు నేల లోపల చూడండి.

1. గుంట తీయండి

వాన పడిన రెండు మూడు రోజులకు, నేల పదునుగా ఉన్నప్పుడు 45 సెంటీమీటర్ల లోతు గుంట తీయండి. ఎండిన నేల ఎక్కడైనా గట్టిగానే ఉంటుంది, అప్పుడు చూసి లాభం లేదు. గుంట గోడను నిలువుగా చెక్కి, పైనుంచి కిందికి కత్తి మొనతో గుచ్చుతూ రండి. ఎక్కువగా 15–25 సెంటీమీటర్ల మధ్య కత్తి దిగనని మొరాయిస్తుంది. వేర్లు అక్కడే పక్కకు తిరిగి ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. గట్టు పక్కన దున్నని చోట కూడా ఇలాగే చూస్తే తేడా తెలుస్తుంది.

2. మట్టిని తూచండి

లోపలి వ్యాసం 10, ఎత్తు 10 సెంటీమీటర్లు ఉన్న పైపు ముక్కను అనుమానమున్న పొరలోకి దించి, నిండుగా మట్టి తీయండి. దాని ఘనపరిమాణం 785 ఘన సెంటీమీటర్లు. మట్టిని పాత మూకుడులో సన్న మంట మీద పూర్తిగా ఆరబెట్టి తూచండి. 1,100 గ్రాములు వస్తే, 785తో భాగిస్తే 1.4. ఇదే నేల సాంద్రత. బంకమట్టిలో ఇది సుమారు 1.5కు చేరితే వేర్లకు కష్టం, ఇసుక నేలల్లో 1.8 దగ్గర ఆ ఇబ్బంది వస్తుంది. నల్లరేగడి తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది కాబట్టి పోల్చాలనుకున్న రెండు నమూనాలనూ ఒకే పదునులో తీయాలి.

3. నీరు పోసి చూడండి

రెండు వైపులా కోసిన డబ్బాను నేలలోకి కొంత దించి, రెండున్నర సెంటీమీటర్ల ఎత్తు నీరు పోయండి. ఇంకాక మళ్లీ అంతే పోసి, ఈ రెండోసారి పట్టిన సమయాన్ని రాసుకోండి. మొదటిసారి పొడి నేల ఎలాగూ తాగేస్తుంది.

4. ఇప్పుడు దుక్కి ఎంచుకోండి

గట్టి పొర కనిపిస్తే వేసవిలో చిసెల్ నాగలి (మట్టిని తిరగేయకుండా లోతుగా చీల్చే సన్న మొనల నాగలి) వేయించండి. దాని మొన ఆ పొరకు కొద్దిగా కిందికి దిగాలి. నేల ఆ లోతు దాకా ఎండి ఉంటేనే పొర పగులుతుంది. తడిగా ఉంటే నాగలి కోసుకుంటూ పోతుందే తప్ప పగలగొట్టదు, పైగా చక్రాల బరువుకు నేల ఇంకా అణుగుతుంది. పొర లేకపోతే ఈ ఖర్చు వద్దు.

ఎర్ర చలకలో రోటవేటర్ రెండోసారి తిప్పకండి. పొడైన మట్టి మీద వాన పడి ఆరితే పైన పెచ్చు కట్టి మొలక బయటికి రాదు. చిన్న పెళ్లలు ఉండనివ్వడమే మంచిది.

కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో వరి కోశాక దున్నకుండానే మొక్కజొన్న విత్తుతున్నారు. ఆ బరువు నేలలకు ఇది చాలా మంచి పద్ధతని నా నమ్మకం. దున్నితే పెద్ద పెళ్లలు లేస్తాయి, తేమ పోతుంది. దున్నకపోతే పాత వేర్ల దారులు, వానపాముల బొరియలు చెడకుండా ఉండి నీటిని కిందికి తీసుకెళ్తాయి. గడ్డి మాత్రం తగలబెట్టకూడదు. మొదటి ఏడాది పై పొర సాంద్రత కాస్త ఎక్కువే రావచ్చు. అది చూసి మళ్లీ నాగలి పట్టకుండా, డబ్బాలో నీరు ఇంకే సమయాన్ని ఏటా అదే చోట, అదే నెలలో పోల్చుకోండి. ఆ సమయం తగ్గుతుంటే నేల బాగుపడుతున్నట్టే.