చీజ్ స్నాక్స్ కరకరలాడటం లేదా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

పార్టీకి చేసిన చీజ్ స్నాక్స్ చెడిపోతే ముందు ఓవెన్‌ని తిడతాం, తర్వాత నూనెని తిడతాం. నిజానికి చాలాసార్లు లోపం నీళ్ల దగ్గరే ఉంటుంది. చీజ్ అంటే ప్రొటీన్, కొవ్వు, వాటి మధ్య చిక్కుకున్న నీరు. ఆ నీరు బయటికి పోతేనే కరకరలాడేది. బాగా మాగిన పర్మెజాన్‌లో నీరు సుమారు 30 శాతం, చెడ్డార్‌లో 37 దరిదాపుల్లో, పిజ్జా మీద వేసే మొజరెల్లాలో 45 నుంచి 50 శాతం ఉంటుంది. నీళ్లలో తేలుతూ వచ్చే తాజా మొజరెల్లాలో అంతకన్నా ఎక్కువే. ఏ చీజ్ కొన్నారన్న దగ్గరే సగం ఫలితం తేలిపోతుంది.

ఇక్కడ మూడు రకాల గురించి చెబుతున్నాను: తురుమును ఓవెన్‌లో కరిగించి చేసే పలుచని క్రిస్ప్స్, బ్రెడ్ పొడి అద్ది నూనెలో వేయించేవి, పిండిలో చీజ్ కలిపి కాల్చే పుల్లలూ బిస్కెట్లూ. మీ సమస్య ఏ రకంలో ఉందో చూసుకుని నేరుగా అక్కడికే వెళ్లండి.

చీజ్ క్రిస్ప్స్

చల్లారాక కూడా సాగుతున్నాయి, విరగడం లేదు

ముందు ఒక మాట. వేడి మీద ఉన్నప్పుడు ఏ క్రిస్పూ విరగదు. ట్రే తీసి ఐదు నిమిషాలు ఆగాకే తీర్పు చెప్పండి.

అప్పటికీ తోలులా సాగుతుంటే లోపల ఇంకా నీరు ఉందని అర్థం. అందుకు కారణాలు మూడు: చీజ్‌లో తేమ ఎక్కువ కావడం, తురుమును కుప్పగా పోయడం, తొందరపడి తీసేయడం. మూడోదే ఎక్కువగా జరుగుతుంది. గడియారం కన్నా బుడగలను నమ్మండి. చీజ్ కరిగాక పైన బుడగలు జోరుగా లేస్తాయి, అది ఆవిరైపోతున్న నీరే. బుడగలు తగ్గి, చిన్నవై, దాదాపు ఆగిపోయే వేళకు అంచులు లేత బంగారు రంగులోకి వస్తాయి. తీయాల్సింది అప్పుడు. 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర పర్మెజాన్‌కు 5 నుంచి 7 నిమిషాలు పడుతుంది. ఫ్యాన్ ఉన్న ఓవెన్ అయితే 20 డిగ్రీలు తగ్గించండి.

ఒక్కోదానికి ఒక టేబుల్‌స్పూన్ తురుము చాలు. దాన్ని కింద ఉన్న కాగితం అక్కడక్కడా కనిపించేంత పలుచగా పరవండి. తేమ ఎక్కువున్న చీజే ఉంటే దాంట్లో సగం పర్మెజాన్ తురుము కలపండి. ఇప్పటికే చేసేసి, మెత్తగా వచ్చినవాటిని పారేయక్కర్లేదు. 150 డిగ్రీల దగ్గర ఇంకో మూడు నాలుగు నిమిషాలు పెట్టి మళ్లీ చల్లారనివ్వండి.

ప్యాకెట్‌లో వచ్చే రెడీమేడ్ తురుము గురించి కూడా చెప్పాలి. అంటుకోకుండా ఉండటానికి దానికి పిండి పదార్థమో సెల్యులోజ్ పొడో పట్టిస్తారు. దాంతో తురుము సరిగా కరిగి కలవదు, పొడిపొడిగా అతుకుల్లా వస్తుంది. ముక్క కొని ఇంట్లోనే తురుముకోవడం మేలు. ఐదు నిమిషాల పనే.

జిడ్డుగా ఉన్నాయి, నూనె కక్కుతున్నాయి

కొంచెం జిడ్డు సహజం. చీజ్‌లోని పాల కొవ్వు 32 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, ప్రొటీన్ వల సడలడానికి మాత్రం ఇంకా చాలా వేడి కావాలి. అందుకే కొవ్వు ముందుగా బయటికి జారుకుంటుంది. తీయగానే టిష్యూ మీద పెట్టి పైన కూడా అద్దితే చాలు. మడుగు కట్టేంతగా వస్తుంటే మాత్రం ఓవెన్ వేడి తక్కువై, చీజ్ ఎక్కువసేపు మగ్గుతోందన్నమాట. వేడి పెంచండి. చెడ్డార్‌తో చేస్తుంటే 100 గ్రాముల తురుముకు ఒక టీస్పూన్ కార్న్‌ఫ్లోర్ కలిపితే అది కొంత కొవ్వును పట్టుకుంటుంది. ఇందాక వద్దన్న పిండి పదార్థం ఇదే కదా అనొచ్చు. ఇక్కడ దాని మోతాదు మన చేతిలో ఉంది, అదే తేడా.

చేదుగా ఉన్నాయి

మాడాయి. బంగారు రంగుకూ గోధుమ రంగుకూ మధ్య నిమిషం కూడా ఉండదు. బయటికి తీశాక కూడా ట్రే వేడికి రంగు ఇంకొంచెం ముదురుతుంది కాబట్టి, ‘ఇంకాస్త అయితే బాగుండు’ అనిపించినప్పుడే తీయాలి. నల్ల రంగు ట్రేలు అడుగు భాగాన్ని త్వరగా మాడుస్తాయి. ఒక మూల ఉన్నవే మాడుతుంటే సగం సమయానికి ట్రేని అటూ ఇటూ తిప్పండి.

ఉప్పగా ఉన్నాయంటే, మీరు విడిగా ఉప్పు వేసి ఉంటారు. నీరు పోయేకొద్దీ చీజ్‌లోని ఉప్పే చిక్కబడుతుంది, వేరే ఉప్పు అక్కర్లేదు. మిరియాలో జీలకర్రో నువ్వులో వేసి ఆపేయండి.

కాగితానికి అంటుకుపోయాయి

మైనం పూసిన కాగితం ఓవెన్‌లో పనికిరాదు, ఆ మైనం కరిగిపోతుంది. అల్యూమినియం ఫాయిల్ చీజ్‌ని వదలదు. బేకింగ్ కోసమే అమ్మే పేపర్ గానీ సిలికాన్ షీట్ గానీ వాడండి. తీసిన వెంటనే లాగితే చిరుగుతాయి, ఒకట్రెండు నిమిషాలు ఆగితే అవే వదిలేస్తాయి. గిన్నె ఆకారంలో వంచాలనుకుంటే మాత్రం అంతసేపు ఆగకండి. ఎత్తడానికి వీలైన మరుక్షణం బోర్లించిన చిన్న కప్పు మీద వేయాలి. అర నిమిషం ఆలస్యమైతే వంగకుండా పగులుతాయి.

అన్నీ కలిసిపోయి ఒకే పలకలా వస్తే ఎడం తక్కువైందని, లేదా మొదటి వాయి తీసిన వేడి ట్రే మీదే రెండోది పరిచారని. అందులో నష్టమేమీ లేదు, చేత్తో ముక్కలుగా విరిచి పెట్టండి. అలా చేస్తేనే చూడటానికి బాగుంటాయి కూడా.

చేసినప్పుడు కరకరలాడాయి, అందరూ వచ్చేసరికి మెత్తబడ్డాయి

ఎండిన చీజ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వేడిగా ఉండగానే డబ్బాలో వేసి మూత పెడితే ఇక బయటి తేమ కూడా అక్కర్లేదు, వాటి ఆవిరే వాటిని మెత్తబరుస్తుంది. పూర్తిగా చల్లారాక, గాలి చొరని డబ్బాలో, వరుసల మధ్య కాగితం వేసి ఉంచండి. ముందు రోజు చేసుకుంటే చాలు. మర్నాడు మెత్తగా అనిపిస్తే 150 డిగ్రీల చిట్కా ఉండనే ఉంది. పైన టమాటా ముక్కలో క్రీమో పెట్టి వడ్డించాలంటే ప్లేటు బయటికి వెళ్లే ముందే పెట్టాలి.

నూనెలో వేయించేవి

చీజ్ నూనెలోకి కారిపోతోంది

పార్టీ రోజు అందరికీ టెన్షన్ పెట్టేది ఇదే. లోపల చీజ్ కరిగే లోపే పైపూత గట్టిపడాలి. ఈ పందెంలో పూత ఓడితే చీజ్ బయటికొస్తుంది. కాబట్టి మనం చేసే ప్రతి పనీ పూతను గెలిపించడానికో చీజ్‌ని వెనక్కి లాగడానికో ఉండాలి.

చీజ్‌ని వెనక్కి లాగేది ఫ్రీజర్. పూత పట్టించిన ముక్కలను కనీసం రెండు గంటలు, వీలైతే రాత్రంతా గడ్డకట్టనివ్వండి. ఫ్రిజ్‌లో చల్లబరిస్తే సరిపోదు. వేయించే ముందు బయట పెట్టి కరగనివ్వకూడదు, ఫ్రీజర్ నుంచి నేరుగా నూనెలోకే వెళ్లాలి. అయితే వాటిపైన మంచు పలుకులు ఉంటే దులిపేయండి. నీరు వేడి నూనెలో పడితే చిట్లి చేతి మీద పడుతుంది.

పూతను గెలిపించాలంటే రెండు పొరలు కావాలి: మైదా, గుడ్డు, బ్రెడ్ పొడి, మళ్లీ గుడ్డు, మళ్లీ బ్రెడ్ పొడి. గుడ్డు వద్దనుకుంటే మైదా, కార్న్‌ఫ్లోర్ కలిపిన చిక్కటి జారులో ముంచండి. చీజ్ దాదాపు ఎప్పుడూ పుల్లల్లా పొడవుగా కోసిన ముక్కల కొనల నుంచే కారుతుంది, ఎందుకంటే దొర్లించేటప్పుడు కొనలకు పొడి అంటదు. వాటిని విడిగా పొడిలో అదమండి.

ఇక నూనె. 180 నుంచి 190 డిగ్రీలు ఉండాలి. థర్మామీటర్ లేకపోతే చిటికెడు బ్రెడ్ పొడి వేసి చూడండి. వెంటనే పైకి తేలి బుసబుసమంటూ అర నిమిషంలో ఎర్రబడితే నూనె సిద్ధం. అడుగున పడుకుంటే ఇంకా కాగలేదు, వేస్తూనే నల్లబడితే మంట తగ్గించాలి. గడ్డకట్టిన ముక్కలు నూనెని ఒక్కసారిగా చల్లారుస్తాయి కాబట్టి వాయికి నాలుగైదుకు మించి వేయకండి. నిమిషం నుంచి నిమిషంన్నర చాలు, రంగు రాగానే తీసేయాలి. చీజ్ కారడం మొదలైతే ఆ ముక్కని వెంటనే బయటికి తీసి, నూనెలో తేలే తునకల్ని చిల్లుల గరిటెతో ఏరేయండి. లేకపోతే అవి మాడి తర్వాతి వాయికి చేదు పట్టిస్తాయి.

పైన ఎర్రబడ్డాయి, లోపల చీజ్ గట్టిగానే ఉంది

నూనె మరీ కాగిందన్నా అయ్యుండాలి, పుల్లలు లావుగా కోశారన్నా అయ్యుండాలి. ఒకటిన్నర సెంటీమీటర్ల మందం దాటనివ్వకండి. వేయించేసినవైతే రెండు నిమిషాలు ఊరికే ఉంచండి, లోపలి వేడి తన పని తాను చేస్తుంది. అప్పటికీ కరగకపోతే 150 డిగ్రీల ఓవెన్‌లో కాసేపు పెట్టండి.

పూత ఊడి వస్తోంది

చీజ్ పైన తడి ఉంది. ముందు గుడ్డతో తుడిచి మైదా పట్టించాలి, మైదా లేకుండా గుడ్డుకు పట్టు దొరకదు. పొడి అద్దాక మెల్లగా నొక్కండి. నూనెలో వేసిన మొదటి అర నిమిషం కదపకండి.

తీసిన పది నిమిషాలకే మెత్తబడ్డాయి

వేయించినవాటిని టిష్యూ పరిచిన పళ్లెంలో కుప్పగా పోయడం చాలామందికి అలవాటు. అడుగున ఉన్నవి పైవాటి ఆవిరికి ఉడికిపోతాయి. కింద గాలి ఆడేలా జాలీ స్టాండ్ మీద ఒకే వరుసలో ఉంచండి. కాసేపు వేడిగా ఆపాలంటే 100 డిగ్రీల ఓవెన్ పనికొస్తుంది, అయితే పావుగంటకు మించకూడదు.

ఎయిర్ ఫ్రయ్యర్‌లో చేసేవాళ్లకు వేరే ఫిర్యాదు ఉంటుంది, రంగు రాదు. బ్రెడ్ పొడికి నూనె తగలకపోతే ఎర్రబడదు. పూత పట్టించే ముందే బ్రెడ్ పొడిని బాణలిలో రెండు చెంచాల నూనెతో దోరగా వేయించుకోండి. అప్పుడు 200 డిగ్రీల దగ్గర ఆరేడు నిమిషాల్లోనే అయిపోతాయి, చీజ్ కారే వ్యవధి కూడా ఉండదు.

బంగాళదుంప కలిపిన చీజ్ బాల్స్ నూనెలో పగులుతుంటే దుంపలో నీరు మిగిలిందని. ఉడికిన దుంపల్ని వేడి మీదే చిదిమి, ఆవిరంతా పోయేదాకా ఆరనిచ్చి, తర్వాతే చీజ్ కలపాలి.

పిండితో చేసే పుల్లలు, బిస్కెట్లు

ఓవెన్‌లో పరుచుకుపోయాయి

కలిపేటప్పుడు వెన్న కరిగిపోయింది. కోసిన ముక్కల్ని ట్రేతో సహా అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, ఓవెన్ పూర్తిగా వేడెక్కాకే లోపల పెట్టండి.

రాళ్లలా గట్టిగా వచ్చాయి

పిండిని చపాతీ పిండిలా మర్దించి ఉంటారు. మైదాలోని గ్లూటెన్ సాగిందంటే గుల్లతనం పోతుంది. ముద్దగా దగ్గరపడగానే చెయ్యి తీసేయాలి. మైదాలో నాలుగో వంతు తీసేసి బియ్యప్పిండి వేస్తే గుల్లగా విరుగుతాయి.

అంచులు కరకర, మధ్యలో మెత్తన

పిండిని ఎక్కడా నాలుగు మిల్లీమీటర్లకు మించకుండా సమంగా ఒత్తండి. కాల్చాక ఓవెన్ ఆపేసి, తలుపు ఓరగా తీసి పది నిమిషాలు అలాగే ఉంచితే మధ్యలో తేమ కూడా పోతుంది. చీజ్ బిస్కెట్లకు ఇంతకన్నా మంచి ఉపాయం నాకు తెలియదు.

ఏం చేసినా కుదరడం లేదంటే

చీజ్ పేరు మళ్లీ చదవండి. పనీర్, హల్లూమీ లాంటివి వేడికి కరగవు, వాటితో క్రిస్ప్స్ రావు. వాటిని ముక్కలుగా కోసి పెనం మీద ఎర్రగా కాల్చుకోండి, పూత కూడా అక్కర్లేదు. ప్రాసెస్డ్ స్లైసుల్లో నీరు, కొవ్వు విడిపోకుండా పట్టి ఉంచే లవణాలు కలుపుతారు. అందుకే అవి ఓవెన్‌లో పొంగి తోలులా సాగుతాయి, పూర్తిగా ఎండేదాకా ఉంచితేనే విరుగుతాయి. బర్గర్లో వేసుకోండి, పార్టీ క్రిస్ప్స్‌కు వద్దు.

పార్టీ రోజు వేయించే రకం ఒక్కటే పెట్టుకోండి. క్రిస్ప్స్, బిస్కెట్లు ముందు రోజు డబ్బాకెక్కించి, వేయించాల్సిన చీజ్ పుల్లల్ని పూతతో ఫ్రీజర్‌లో దాచి, జనం వచ్చి కూర్చున్నాకే నూనె పెట్టండి. ఒకేసారి పెద్ద పళ్లెం నింపకుండా వాయి వెంట వాయి చిన్న ప్లేట్లలో పంపండి. సాస్ వేరే గిన్నెలో ఇవ్వండి, పైన పోయకండి.