అల్యూమినియం చట్రంతో క్యాంపర్ వ్యాన్ ఫర్నిచర్ – మూడవ పాఠం: కీళ్లు

గత పాఠంలో వ్యాన్ లోపలి కొలతలు తీసుకొని, నాలుగు వైపులా గాడి ఉన్న 30 × 30 మి.మీ. ప్రొఫైల్‌ను, అంటే అల్యూమినియం కమ్మీని, ఎంచుకున్నాము. ఈ పాఠంలో 600 మి.మీ. వెడల్పు, 400 మి.మీ. లోతు, 800 మి.మీ. ఎత్తు గల వంటగట్టు చట్రాన్ని కోసి బిగిద్దాము.

ముందుగా కోతల లెక్క. నాలుగు నిలువు కమ్మీలను పూర్తి ఎత్తుకు, అంటే 800 మి.మీ.కు కోయాలి, అప్పుడు పైన పరిచే బల్ల బరువు బోల్టుల మీద పడకుండా నేరుగా నిలువు కమ్మీల తలల మీదకే దిగుతుంది. అడ్డ కమ్మీలు ఆ నిలువుల మధ్య ఇమడాలి కనుక ఒక్కొక్కదానిలో 60 మి.మీ. తగ్గించి, 540 మి.మీ.వి నాలుగు, 340 మి.మీ.వి నాలుగు కోయాలి. మొత్తం 6,720 మి.మీ.; దీనికి రంపం తినే మేర, ప్రతి కోతకు దాదాపు 3 మి.మీ. చొప్పున, కలుపుకోవాలి. కార్బైడ్ పళ్లున్న, అల్యూమినియానికి తగిన బ్లేడుతో, ముక్కను గట్టిగా బిగించి నెమ్మదిగా కోయండి. కోసిన అంచులను ఆకురాయితో నున్నగా చేయండి.

ఇక కీళ్లు. ప్రొఫైల్ గాడిలో టీ-నట్టు (గాడిలో ఇమిడి బోల్టును పట్టుకునే నట్టు) వేసి, ఎల్-బ్రాకెట్‌తో బిగించడం అన్నిటికన్నా సులువైన పద్ధతి. పొరపాటు జరిగితే వదులు చేసి జరుపుకోవచ్చు. అయితే గాడి పొడవునా ఆ బ్రాకెట్‌ను జారకుండా పట్టి ఉంచేది బోల్టు బిగింపు వల్ల పుట్టే రాపిడి మాత్రమే. కదలని చోట అది చాలు. గంటల తరబడి అదిరే వాహనంలో బోల్టు కాస్త వదులైతే చాలు, రాపిడి తగ్గి కీలు జరుగుతుంది. అందుచేత ముఖ్యమైన ఎనిమిది మూలలకూ లోపలి బోల్టు కీలునే నేను సిఫారసు చేస్తాను. బ్రాకెట్లను మధ్య అరలకు పరిమితం చేసి, అక్కడ కూడా అడ్డ కమ్మీకి కింది వైపున బిగించడం మంచిది.

లోపలి కీలుకు అడ్డ కమ్మీ చివర ఉన్న మధ్య రంధ్రంలో మరలు కోయాలి. ఆ రంధ్రం 6.8 మి.మీ. ఉంటే ఎం8 ట్యాప్ (8 మి.మీ. బోల్టుకు మరలు కోసే పనిముట్టు) సరిపోతుంది. కంపెనీని బట్టి రంధ్రం మారుతుంది కాబట్టి ముందు కాలిపర్‌తో కొలవండి. ట్యాప్‌కు నూనె రాసి, కొద్దిగా ముందుకు తిప్పి, కాస్త వెనక్కి తిప్పుతూ తురుమును విరగ్గొట్టాలి. ఆత్రపడితే ట్యాప్ లోపలే విరుగుతుంది, దాన్ని బయటకు తీయడం కన్నా కొత్త ముక్క కోయడమే తేలిక. తరువాత ఆ మరల్లోకి గుండ్రని తల ఉన్న ఎం8 బోల్టును వదులుగా ఎక్కించి, దాని తలను నిలువు కమ్మీ గాడిలోకి చివర నుంచి జార్చాలి. బిగించడానికి 5 మి.మీ. అలెన్ కీ వెళ్లేలా, నిలువు కమ్మీ చివర నుంచి 15 మి.మీ. దూరంలో, గాడి నడిమి గీత మీద 7 మి.మీ. రంధ్రం అడ్డంగా తొలిచి ఉంచుకోండి.

చట్రం మూసుకుపోయాక కమ్మీ చివర నుంచి టీ-నట్టు దూర్చడం కుదరదు. అరలకు, తలుపు కీళ్లకు, పలకలకు కావలసిన నట్లను లెక్కకన్నా రెండు మూడు ఎక్కువగా ఇప్పుడే గాడుల్లో వేయండి. గాడి ముందు వైపు నుంచి దూర్చి తిప్పే నట్లు కూడా దొరుకుతాయి కానీ, బరువు మోసే చోట వాటిని నేను వాడను.

మొదట అన్నిటినీ పొడిగా, వదులుగా కూర్చి, ప్రతి ముఖంలోనూ రెండు కర్ణాలను కొలవండి. అవి సమానమైతే మూలలు లంబకోణంలో ఉన్నట్లే. ఇక్కడ రసమట్టాన్ని నమ్మవద్దు, వ్యాన్ నిలిచిన నేలే వాలుగా ఉండవచ్చు. కర్ణాలు కుదిరాక ఒక్కొక్క బోల్టునే తీసి, నూనె తుడిచి, మధ్యస్థ బలం గల థ్రెడ్‌లాకర్ (బోల్టు వదులు కాకుండా మరలకు పూసే జిగురు) పూసి తుది బిగింపు ఇవ్వండి. అది గట్టిపడ్డాక బోల్టును మళ్లీ కదిపితే ఆ పట్టు తెగిపోతుంది. అందుకే సర్దుబాట్లన్నీ ముందే ముగించాలి. బయటికి కనిపించే బ్రాకెట్ బోల్టుల తల నుంచి బ్రాకెట్ మీదకు ఒక సన్నని రంగు గీత గీసి ఉంచండి. ప్రయాణం తరువాత ఆ గీత విరిగినట్లు కనిపిస్తే ఆ బోల్టు తిరిగిందని తెలుస్తుంది. దాన్ని విప్పి, శుభ్రం చేసి, కొత్తగా పూసి బిగించాలి.

పూర్తయిన చట్రాన్ని చేత్తో పక్కకు నెట్టితే ఇంకా కొంచెం ఊగుతుంది. వెనుక ముఖానికి 6 మి.మీ. ప్లైవుడ్ పలకను చుట్టూ బిగిస్తే వెడల్పు దిశలో ఆ ఊపు చాలా వరకు పోతుంది. లోతు దిశకు పక్క ముఖానికి మరో పలక కావాలి. చట్రాన్ని వాహనపు నేలకు రివెట్ నట్లతో (రేకు రంధ్రంలో రివెట్‌లా బిగుసుకునే మరల నట్లతో) బిగించడం వచ్చే పాఠంలో వస్తుంది. అంతవరకు దీన్ని వ్యాన్‌లో వదులుగా పెట్టుకొని నడపవద్దు.