తెలుగు టైపింగ్‌కి మెకానికల్ కీబోర్డు: మార్చలేనివి ముందు చూసుకోండి

మెకానికల్ కీబోర్డు కొందామనుకోగానే ఎక్కువమంది స్విచ్ (ప్రతి కీ కింద ఉండే మీట) రంగు దగ్గర మొదలుపెడతారు. ఎరుపా, గోధుమరంగా, నీలమా? నిజానికి అది చివర్లో తేల్చుకోవాల్సిన సంగతి. సాకెట్లున్న బోర్డులో స్విచ్‌లు నచ్చకపోతే పీకి వేరేవి పెట్టుకోవచ్చు, కీక్యాప్‌లు అరిగితే కొత్త సెట్టు వేసుకోవచ్చు. కీల అమరిక, ఫర్మ్‌వేర్ (బోర్డు లోపల నడిచే ప్రోగ్రాం) రకం, స్విచ్‌లు దిగే సాకెట్లు మాత్రం కొన్న రోజు ఎలా ఉంటే చివరిదాకా అంతే. అందుకే ఇక్కడ మార్చలేని వాటితో మొదలుపెట్టి, మార్చుకోగలిగిన వాటి వైపు వెళ్దాం. రోజూ తెలుగూ ఇంగ్లిషూ కలిపి టైప్ చేసేవాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాసింది ఇది. గేమింగ్ కోసమైతే లెక్కలు కొంత వేరుగా ఉంటాయి.

ఎన్ని కీలు కావాలి?

ఒక మామూలు అక్షరం కీ వెడల్పును 1 యూనిట్ అంటారు. పక్కపక్క కీల మధ్యబిందువుల దూరం 19.05 మిల్లీమీటర్లు. 104 కీల ఫుల్ సైజు బోర్డు 22.5 యూనిట్లు, అంటే కీలు పరుచుకున్న మేరే సుమారు 43 సెంటీమీటర్లు. నంబర్ ప్యాడ్ తీసేసిన 87 కీల బోర్డు (టీకేఎల్ అంటారు) 35 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. 65 శాతం బోర్డు 30 సెంటీమీటర్ల పైచిలుకు, 60 శాతం బోర్డు 28.5 (ఈ శాతాలు కీల సంఖ్యను బట్టి పెట్టిన ఉజ్జాయింపు పేర్లు). కేసు అంచులు దీనికి అదనం. బోర్డు చిన్నదైన కొద్దీ మౌస్ దగ్గరికొస్తుంది, కుడి భుజానికి హాయి. అయితే తగ్గించిన ప్రతి కీ ఏదో ఒక ఫంక్షన్ పొర కిందికి వెళ్ళి దాక్కుంటుంది, అంటే ఎఫ్ఎన్ కీ పట్టుకుంటేనే అది పలుకుతుంది.

ట్యాలీలో పని చేసేవాళ్ళు ఫంక్షన్ వరుస లేని బోర్డు జోలికి పోవద్దు. పేమెంటుకు ఎఫ్5, రిసీటుకు ఎఫ్6, సేల్స్‌కి ఎఫ్8, పర్చేజ్‌కి ఎఫ్9 రోజంతా కొడుతూ ఉండాలి. నంబర్ ప్యాడ్ కూడా కావాలి కాబట్టి ఫుల్ సైజో, కీలన్నీ దగ్గరగా సర్దిన 96 శాతం బోర్డో తీసుకోండి. మిగతావాళ్ళకు 75 శాతం గానీ టీకేఎల్ గానీ సరిపోతుంది.

ఇన్‌స్క్రిప్ట్‌లో (భారతీయ భాషలకు ప్రభుత్వం స్థిరపరిచిన కీబోర్డు లేఔట్) తెలుగు కొట్టేవాళ్ళు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఆ లేఔట్‌లో ఒత్వం, అంటే ‘కొ’లో ఉండే ‘ొ’ గుర్తు, 1 అంకెకు ఎడమ పక్కనున్న కీ మీద ఉంటుంది. షిఫ్ట్‌తో అదే కీ ‘ఒ’. 60 శాతం బోర్డుల్లో, చాలా 65 శాతం బోర్డుల్లో ఆ చోట ఎస్కేప్ కూర్చుంటుంది. ఫలితంగా కొన్ని, పొద్దు, మొదలు, తొమ్మిది లాంటి మాటల్లో ఒత్వం వచ్చిన ప్రతిసారీ ఎఫ్ఎన్ కీ పట్టుకుని కొట్టాలి. ఇంగ్లిషు సమీక్షల్లో ఈ ముక్క ఎక్కడా కనిపించదు, ఎందుకంటే ఇంగ్లిషు రాసేవాళ్ళకు ఆ కీతో పెద్దగా పనే ఉండదు. 75 శాతం, టీకేఎల్, ఫుల్ సైజు బోర్డుల్లో ఎస్కేప్ పై వరుసకు వెళ్ళిపోతుంది కాబట్టి ఈ చిక్కు రాదు.

రెండో మెలిక కుడి షిఫ్ట్. ఇన్‌స్క్రిప్ట్‌లో అచ్చులూ గుణింతం గుర్తులూ దాదాపు అన్నీ ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి పంచారు. అ, ఆ, ఇ, ఈ, ఉ అన్నీ ఎడమ చేతి కీలు, పైగా షిఫ్ట్‌తో వచ్చేవి. పద్ధతిగా కొట్టేవాళ్ళకు వాటికి కుడి షిఫ్టే కావాలి. ఫుల్ సైజులో, టీకేఎల్‌లో అది 2.75 యూనిట్లు. 65, 75 శాతాల్లో సాధారణంగా 1.75. ఇంతవరకు ఫరవాలేదు. బాణం కీలు ఇరికించిన కొన్ని 64 కీల బోర్డుల్లో మాత్రం కుడి షిఫ్ట్ 1 యూనిట్‌కి కుంచించుకుపోయి, దాని పక్కనే పై బాణం ఉంటుంది. చిటికెన వేలు కాస్త జారితే ‘అ’ పడదు సరికదా, కర్సర్ పై వరుసకు ఎగిరిపోతుంది. అలాంటివి ఎంత చవకైనా వద్దు.

బ్రిటన్, జర్మనీల్లో ఉండేవాళ్ళకు దుకాణాల్లో ఎదురయ్యేది ఐఎస్ఓ అమరిక: నిలువు ఎంటర్, 1.25 యూనిట్ల పొట్టి ఎడమ షిఫ్ట్. ఖ, ఘ, ధ, భ, ళ, శ, ష అన్నీ కుడి చేతి కీలే కాబట్టి వాటికి ఎడమ షిఫ్ట్ వాడాలి. అది పొట్టిదై ఒక కీ అవతలికి జరిగితే తేడా తెలుస్తుంది. వీలుంటే ఇండియాలో, అమెరికాలో దొరికే యాన్సీ అమరికే తెప్పించుకోండి.

ఫర్మ్‌వేర్

కీబోర్డు కంప్యూటర్‌కి అక్షరాలు పంపదు, ఏ కీ నొక్కారో ఆ నంబరు మాత్రమే పంపుతుంది. ‘క’ రావాలా ఇంగ్లిషు ‘k’ రావాలా అన్నది తేల్చేది విండోసో లినక్సో. కాబట్టి ‘తెలుగు సపోర్ట్ ఉందా’ అని అమ్మేవాణ్ణి అడిగి లాభం లేదు. అడగాల్సింది క్యూఎంకే, వయా పని చేస్తాయా అని. క్యూఎంకే అంటే బోర్డు లోపల నడిచే ఓపెన్‌సోర్స్ ఫర్మ్‌వేర్. వయా దాని కీలను మార్చే పరికరం, క్రోమ్‌లో గానీ ఎడ్జ్‌లో గానీ తెరుచుకుంటుంది. ఫైర్‌ఫాక్స్‌లో తెరిస్తే బోర్డు దొరకదు, బోర్డు పాడైందనుకుని కంగారు పడకండి. మార్పులు బోర్డులోనే నిలుస్తాయి కనుక సాఫ్ట్‌వేర్ వేయనివ్వని ఆఫీసు కంప్యూటర్లలోనూ అవే పని చేస్తాయి.

తెలుగు కోసం వయాలో ముందు చేసుకోవాల్సినవి ఇవి:

1. చిన్న బోర్డు అయితే ఎడమ పై మూల ఎస్కేప్‌ని తీసి ఒత్వం కీని పెట్టండి. ఎస్కేప్‌ని క్యాప్స్ లాక్ చోటుకు మార్చండి. ‘గ్రేవ్ ఎస్కేప్’ అనే రెడీమేడ్ కీ ఉంది కదా అని దాన్ని వేయకండి. అది ఒంటరిగా నొక్కితే ఎస్కేప్, షిఫ్ట్‌తో నొక్కితే ఆ కీ పై గుర్తు పంపుతుంది. ఇంగ్లిషుకు అది చక్కటి ఏర్పాటు. ఇన్‌స్క్రిప్ట్‌లో ‘ఒ’ వస్తుంది గానీ ‘ొ’ రాదు.

2. భాష మార్చే కీ. విండోస్‌లో విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది. ఆ జతను కుడి ఆల్ట్ లాంటి ఒంటి కీకి ఇచ్చేయండి.

3. జీరో విడ్త్ నాన్ జాయినర్. ‘ఫేస్‌బుక్’లో స, బ కలిసిపోయి ఒత్తు పడకుండా ఆపేది ఇదే. మీ లేఔట్‌లో అది ఏ కీల జతతో వస్తుందో చూసి, మాక్రోగా (ఒక్క నొక్కుతో కొన్ని కీలను వరసగా పంపే ఏర్పాటు) ఒక కీకి కట్టండి.

‘క్ష’ లాంటివాటికి మాక్రో పెట్టుకోవచ్చు గానీ అది క, పొల్లు, ష కీలను వరసగా కొట్టడమే. కంప్యూటర్ ఇంగ్లిషులో ఉండగా నొక్కితే అర్థంలేని మూడు గుర్తులు పడతాయి. ఫర్మ్‌వేర్ నుంచి నేరుగా యూనికోడ్ పంపడమూ సాధ్యమే, కానీ విండోస్‌లో దానికి విన్‌కంపోజ్ లాంటి సాయం కావాలి. నా మాటగా: వద్దు, భాష పని కంప్యూటర్‌కే వదిలేయండి.

తడితే ఒకటి, పట్టి ఉంచితే మరొకటి పంపే కీలు కూడా క్యూఎంకేలో ఉన్నాయి. క్యాప్స్ లాక్‌ని తడితే ఎస్కేప్, పట్టుకుంటే కంట్రోల్ చేసుకోవడం బాగుంటుంది. ఈ రెంటినీ వేరు చేసే గడువు మామూలుగా 200 మిల్లీసెకన్లు. దీన్నే అక్షరాల కీలకు, ముఖ్యంగా ఇన్‌స్క్రిప్ట్‌లో పొల్లు ఉండే ‘డి’ కీకి పెడితే వేగంగా కొట్టేటప్పుడు పొల్లులు మాయమవుతాయి.

సాకెట్లు

హాట్‌స్వాప్ సాకెట్లు (టంకం పని లేకుండా స్విచ్‌ని పీకి పెట్టుకోనిచ్చేవి) తప్పనిసరి. స్విచ్‌లను సోల్డర్ చేసిన బోర్డులో ఒక్క స్విచ్ పాడైనా టంకం ఊడదీయాలి. మన దగ్గర స్విచ్ పాడవడం అరుదేమీ కాదు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరప్రాంతపు ఉప్పుగాలి, తేమ లోపలి లోహపు రేకులను నెమ్మదిగా తినేస్తాయి. లోతట్టు ఊళ్ళలో దుమ్ము. రెంటి ఫలితమూ ఒకటే: ఒకసారి నొక్కితే రెండుసార్లు పడడం. చాటరింగ్ అంటారు.

తెలుగులో చాటరింగ్ బాధ ఎక్కువ. ‘రాష్ట్రం’ అన్న ఒక్క మాటకే పొల్లు రెండుసార్లు కొట్టాలి, అంటే ‘డి’ స్విచ్‌కి మిగతా కీల కన్నా బోలెడు పని. అది రెండుసార్లు పడితే పొల్లు పక్కన పొల్లు చేరి చుక్కల వలయం ప్రత్యక్షమవుతుంది, గుడి రెండుసార్లు పడినా అంతే. చేయాల్సింది సులువే. కీక్యాప్ తీసి, స్విచ్ లాగి, తక్కువ వాడే స్క్రోల్ లాక్ స్విచ్‌తో తారుమారు చేయండి. జబ్బు స్విచ్‌తో పాటు వెళ్ళిపోతే స్విచ్‌దే తప్పు. అదే కీ దగ్గర ఉండిపోతే సాకెట్‌దో బోర్డుదో. క్యూఎంకేలో డీబౌన్స్ గడువు, అంటే ఒక నొక్కు తరువాత వచ్చే అదనపు సంకేతాలను పట్టించుకోని వ్యవధి, మామూలుగా 5 మిల్లీసెకన్లు. దాన్ని 8కో 10కో పెంచితే కొన్నాళ్ళు నెట్టుకురావచ్చు, కానీ వయాలో ఆ అంకె సాధారణంగా కనిపించదు, ఫర్మ్‌వేర్‌ని మళ్ళీ కంపైల్ చేయాలి. కొత్త స్విచ్ వేయడమే తేలిక.

సాకెట్లలోనూ తేడాలున్నాయి. కైల్ తరహా సాకెట్ అయితే చెర్రీ ఎంఎక్స్ ఆకారంలో ఉన్న ఏ స్విచ్ అయినా దిగుతుంది. చవక బోర్డుల్లో ఉండే పాత ఔటెము తరహా సాకెట్లు సన్నటి పిన్నుల స్విచ్‌లనే తీసుకుంటాయి, వేరేవి బలవంతంగా నొక్కితే సాకెట్ వదులైపోతుంది. 3 పిన్నుల బోర్డులోకి 5 పిన్నుల స్విచ్ పెట్టాలంటే అదనంగా ఉన్న రెండు ప్లాస్టిక్ కాళ్ళను కట్టర్‌తో కత్తిరిస్తే చాలు. స్విచ్ పెట్టే ముందు రెండు లోహపు పిన్నులూ నిటారుగా ఉన్నాయో లేదో చూడండి. ‘కొత్త స్విచ్ పని చేయట్లేదు’ అనే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం వంగి మడతపడిన పిన్నే. విడి బోర్డు మీద బిగించేటప్పుడు వెనక నుంచి సాకెట్‌కి వేలు ఆనించండి, లేకపోతే సాకెట్ బోర్డు నుంచి ఊడివస్తుంది.

స్విచ్‌లు, కీక్యాప్‌లు

ఇక రంగుల సంగతి. చెర్రీ ఎరుపు స్విచ్ 45 గ్రాముల ఒత్తిడికి, 2 మిల్లీమీటర్ల లోతులో పని చేస్తుంది, మొత్తం ప్రయాణం 4 మిల్లీమీటర్లు. నలుపు అదే తీరు, బరువు 60. గోధుమరంగు దారి మధ్యలో చిన్న గుబ్బ తగిలినట్టుంటుంది. నీలం టిక్కుమంటుంది. డీటీపీ సెంటర్లలో టీవీఎస్ గోల్డ్ మీద చేయి తిరిగినవాళ్ళకు ఆ నీలం చప్పుడు లేకపోతే టైప్ చేసినట్టే ఉండదు. పక్కన మనుషులు కూర్చునే చోట మాత్రం అది వద్దు, సైలెంట్ రకాలు చూడండి. రోజుకు గంటల తరబడి ఇన్‌స్క్రిప్ట్ కొట్టేవాళ్ళకు 45 నుంచి 50 గ్రాముల లీనియర్ (ఎరుపు, నలుపుల్లా గుబ్బ లేకుండా సాఫీగా దిగేది) మంచిది. పొల్లు, గుడి, దీర్ఘం, కొమ్ము అన్నీ ఎడమ చేతి చూపుడు, మధ్య వేళ్ళ మీదే పడతాయి కాబట్టి బరువు స్విచ్‌తో ముందు అలిసేవి ఆ రెండే. 1.2 మిల్లీమీటర్లకే పని చేసే ‘స్పీడ్’ స్విచ్‌లు టైపింగ్‌కి పనికిరావు, వేలు ఆనితే చాలు అక్షరం పడుతుంది.

చప్పుడు బాగోలేదని స్విచ్‌లు మార్చేవాళ్ళు ముందు స్టెబిలైజర్లు చూడాలి. స్పేస్‌బార్, ఎంటర్, బ్యాక్‌స్పేస్, షిఫ్ట్‌ల కింద ఉండే తీగల ఏర్పాటు ఇది. గలగలమనేది అదే. తీగను తీసి అద్దం మీద పెట్టండి. రెండు కొసలూ సమంగా ఆనకపోతే చేత్తో మెల్లగా వంచి సరిచేయాలి. తరువాత తీగ కొసలకు డైఎలక్ట్రిక్ గ్రీజు పట్టించి బిగించండి. లీనియర్ స్విచ్‌లకైతే క్రైటాక్స్ 205 గ్రేడ్ 0 అనే కందెన, సన్నటి కుంచెతో కాండం (స్విచ్‌లో కిందికి దిగే మధ్య ముక్క) పక్కలకు పలచటి పొరగా. తెల్లగా కనపడిందంటే ఎక్కువైనట్టే, కీ బద్ధకంగా లేస్తుంది. గోధుమరంగు లాంటి టాక్టైల్ స్విచ్‌లో కాండం ముందున్న రెండు కాళ్ళకు రాయకండి, గుబ్బ చచ్చిపోతుంది.

కీక్యాప్‌లు పీబీటీ ప్లాస్టిక్‌వి తీసుకోండి, ఏబీఎస్ ప్లాస్టిక్ త్వరగా నిగనిగలాడుతుంది. తెలుగు అక్షరాలున్న సెట్లు దొరకడం కష్టం. స్టిక్కర్లు మన ఎండల్లో చెమటకు అంచులు లేస్తాయి. డై సబ్లిమేషన్‌తో అచ్చు వేయించుకునేట్టయితే లేత రంగు క్యాప్‌లే ఎంచుకోవాలి, ఎందుకంటే ఆ పద్ధతిలో క్యాప్ కన్నా ముదురు రంగు మాత్రమే పడుతుంది. ఫైలు ఇచ్చేముందు అక్షరాలన్నిటినీ కర్వులుగా (ఫాంటుతో పని లేని గీతల బొమ్మలుగా) మార్చండి. ఫాంటుగా పంపితే అవతలి సాఫ్ట్‌వేర్‌లో గుణింతాలు విడిపోయి అచ్చవుతాయి.

వచ్చిన రోజే

వాపసు గడువు ఉండగానే ఇవి చూసేయండి. కీ టెస్టర్‌లో ప్రతి కీ ఒకసారి. నోట్‌ప్యాడ్‌లో ప్రతి అక్షరం యాభైసార్లు కొట్టి, పడిన సంఖ్యతో సరిపోల్చడం. స్పేస్‌బార్‌ని ఎడమ కొసన, కుడి కొసన, మధ్యలో విడివిడిగా నొక్కడం; ఒక కొసన ఇరుక్కుంటే తీగ వంకర. రెండు షిఫ్ట్‌లూ ఒక్కొక్కటిగా పట్టుకుని అక్షరాలన్నీ కొట్టడం. తరువాత తెలుగుకు మారి ‘కొత్త కృష్ణ జ్ఞానం ఖండం ఒళ్ళు’ అని కొట్టండి. ఒత్వం, వట్రుసుడి, పొల్లు, రెండు షిఫ్ట్‌లూ అన్నీ అందులో వస్తాయి. వట్రుసుడి రాకపోతే బ్యాక్‌స్పేస్‌కి ఎడమ పక్కనున్న కీని చూడండి, అది ఆ కీ మీదే ఉంటుంది.