పాడైన డిస్క్ ఏ స్లాట్‌లో ఉంది? లైటు వెలిగినంత మాత్రాన లాగేయకండి

లినక్స్ సర్వర్, దానికి ఎస్‌ఏఎస్ కేబుల్‌తో తగిలించిన డిస్క్ ఎన్‌క్లోజర్, అంటే డిస్కులు వరుసగా పెట్టే పెట్టె. అరేలో, అంటే ఒకటిగా కలిపి వాడే డిస్కుల గుంపులో, ఒక డిస్క్ పోయింది. కొత్తది పెట్టడం అందరికీ వచ్చు, ఏది తీయాలో తేల్చడం దగ్గరే గొడవంతా. ఒక్క డిస్క్ పోయినా తట్టుకునే అమరిక రెయిడ్ 5. అందులో ఒకటి ఇప్పటికే పోయి ఉండగా బాగున్నదాన్ని లాగారా, అరే మొత్తం ఆగిపోతుంది.

లాగ్‌లో ‘ఎస్‌డీసీ’ అని ఉంది. మూడో స్లాట్ లాగితే మంచి డిస్క్ వచ్చింది

‘ఎస్‌డీసీ’ అనేది డిస్కుకు లినక్స్ పెట్టుకున్న పేరు. ఆ అక్షరాలకూ స్లాట్లకూ ఏ సంబంధమూ లేదు. కెర్నల్‌కు, అంటే లినక్స్ గుండెకాయకు, డిస్కులు కనబడిన వరుసలో పేర్లు పడతాయి, రీబూట్ అయితే మారిపోవచ్చు. నమ్మాల్సింది సీరియల్ నంబర్‌నే. డిస్క్ వివరాలు చూపే స్మార్ట్‌సీటీఎల్ కమాండ్‌కు ‘-ఐ’ జోడిస్తే అది కనిపిస్తుంది, డిస్క్ స్టిక్కర్ మీదా ఉంటుంది. సీగేట్ ఎస్‌ఏఎస్ డిస్కులకు కమాండ్ చాలా పొడవైన నంబర్ చూపించవచ్చు. అప్పుడు స్టిక్కర్‌తో పోల్చాల్సింది మొదటి 8 అక్షరాలు. అర నిమిషం కూడా పట్టని ఈ పని మానేసి, తర్వాత రాత్రంతా బ్యాకప్‌ల కోసం వెతుకుతారు.

గుర్తింపు లైటు వెలిగింది, కానీ తప్పు స్లాట్‌లో

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. కమాండ్ పనిచేసింది, లైటు వెలిగింది, ఇక అనుమానం ఎందుకొస్తుంది?

అసలు కారణం లెక్క మొదలయ్యే చోటు. ఎన్‌క్లోజర్ లైట్లను నడిపే ఎస్‌జీ_సెస్ కమాండ్‌లో ఇండెక్స్, అంటే వరుస సంఖ్య, 0 నుంచి మొదలవుతుంది. ఎన్‌క్లోజర్ ముఖం మీద అచ్చేసిన నంబర్లు చాలా మోడళ్లలో 1 నుంచి ఉంటాయి. ముఖం మీద 7 చూసి ఇండెక్స్ 7 ఇస్తే వెలిగేది ఎనిమిదోది. పైగా ఇండెక్స్ వరుస, స్లాట్ వరుస ఒకటే కావాలన్న నియమం కూడా లేదు. డిస్కులను అరేగా కలిపే రెయిడ్ కార్డు ఉంటే మరో ఉచ్చు: ఆ కార్డును నడిపే స్టోర్‌సీఎల్ఐ కమాండ్ పట్టికలో ‘ఈఐడీ:ఎస్‌ఎల్‌టీ’ అన్న కాలమ్‌లో రెండో సంఖ్య స్లాట్, దాని పక్కన ‘డీఐడీ’ అనేది కార్డు తనకోసం పెట్టుకున్న నంబర్. స్మార్ట్‌సీటీఎల్‌కు ఇవ్వాల్సింది డీఐడీ, లైటు వెలిగించడానికి ఇవ్వాల్సింది స్లాట్. రెండూ ఒకటేననుకుంటే ఒక డిస్క్ రిపోర్టు చదివి ఇంకోదాన్ని లాగుతారు.

కాబట్టి నంబర్ మీరు లెక్కపెట్టి ఇవ్వకండి. లెడ్‌మాన్ ప్యాకేజీలో లైట్లు వెలిగించే లెడ్‌సీటీఎల్ కమాండ్ ఉంది. దానికి నేరుగా డిస్క్ పేరే ఇవ్వవచ్చు, స్లాట్ అదే వెతుక్కుంటుంది. లేదంటే లినక్స్‌లోని ‘సిస్’ డైరెక్టరీ కింద క్లాస్, దాని కింద ఎన్‌క్లోజర్ డైరెక్టరీ చూడండి. ప్రతి స్లాట్‌కూ అక్కడొక ఫోల్డర్. లోపలి ‘డివైస్’ లింకు ఆ స్లాట్‌లో ఏ డిస్క్ ఉందో చెబుతుంది, ‘లొకేట్’ ఫైల్‌లో 1 రాస్తే లైటు వెలుగుతుంది, 0 రాస్తే ఆరుతుంది.

వెలిగిందని వెంటనే లాగకండి. ముందు అన్ని లైట్లూ ఆర్పండి, ఎందుకంటే పోయినసారి ఎవరో వెలిగించి మరిచిపోయినది ఇంకా మెరుస్తూ ఉండొచ్చు. తర్వాత మీది వెలిగించి, ఆర్పి, మళ్లీ వెలిగించండి. ర్యాక్ దగ్గర నిలబడినవాళ్లు మూడుసార్లూ అదే స్లాట్ అని చెప్పాలి. ట్రేను కొద్దిగా వెనక్కి లాగి, డిస్క్ తిరగడం ఆగేదాకా అర నిమిషం ఆగండి. బయటికి తీశాక సీరియల్ చదవండి. అది కలిస్తేనే కొత్తది పెట్టండి.

డిస్క్ పూర్తిగా చచ్చింది, పేరే కనబడటం లేదు

లెడ్‌సీటీఎల్‌కు ఇవ్వడానికి పేరు లేదు. అదే ఎన్‌క్లోజర్ డైరెక్టరీలో డిస్క్ పెట్టి ఉన్నా ‘డివైస్’ లింకు లేని స్లాట్ వెతకండి. మిగతా డిస్కులన్నిటికీ లైటు వెలిగించి, చీకటిగా మిగిలినది చూడటం ఇంకో దారి. ప్రతి ట్రే ముందు సీరియల్ స్టిక్కర్ ముందే అంటించి ఉంటే ఈ తంటాలేవీ ఉండవు. పైనుంచి తెరిచే 60 డిస్కుల పెట్టెలకైతే స్లాట్-సీరియల్ పట్టిక కాగితం మీద తప్పనిసరి.

ఒకే సీరియల్ రెండు పేర్లతో వస్తోంది

మల్టీపాత్. రెండు కేబుళ్ల దారిలో ఒకే డిస్క్ రెండుసార్లు కనబడుతుంది. లోపం కాదు.

లైటు అసలే వెలగదు

డిస్కులు గుచ్చుకునే వెనక బోర్డుకు, అంటే బ్యాక్‌ప్లేన్‌కు, ఆ సౌకర్యం లేకపోవచ్చు, లైటు సంకేతాలు మోసే సైడ్‌బ్యాండ్ వైరు తగిలించి ఉండకపోవచ్చు. కాపీ చేసే ‘డీడీ’ కమాండ్‌తో ఆ డిస్కును, వచ్చినదంతా పారేసే ‘డెవ్ నల్’లోకి చదివిస్తూ ఏ లైటు తీరు మారిందో చూడండి. ఎక్కడినుంచి చదవాలో చెప్పే ‘ఐఎఫ్’, ఎక్కడ రాయాలో చెప్పే ‘ఓఎఫ్’ తారుమారు చేయకండి.